సంచిలో మిగిలిన మేత

కైకలూరు నుంచి ఆకివీడు వెళ్లే దారిలో పొద్దున్నే బస్సు కిటికీలోంచి చూస్తే, చెరువుల్లో వరసగా పాతిన వెదురు గెడలు కనిపిస్తాయి. ఆ గెడలకు ఎరువుల సంచులు వేలాడుతుంటాయి. సంచి అడుగున వేలు పట్టేంత చిల్లులు. ఒక మనిషి పడవ మీద గెడగెడకూ వెళ్లి, మేత నింపిన సంచిని నీళ్లలోకి దించుతాడు. కాసేపటికి సంచి తనంతట తానే కదలడం మొదలవుతుంది. కింద శీలావతి చేపలు చేరి, కుచ్చుల్లాంటి పెదవులతో ఆ చిల్లుల్లోంచి మేత లాక్కుంటుంటాయి. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క: మిల్లుల్లో మిగిలిపోయిన సరుకు ఐసులో పడుకుని కోల్‌కతా దాకా లారీ ఎక్కే చేపగా మారేది అక్కడే.

ఈ మేతను శాస్త్రవేత్తలు ‘అనుబంధ మేత’ అన్నారు. ఎంతో ఆలోచించి పెట్టిన పేరది. అసలు వడ్డన చెరువుదేనని, మనం వేసేది దానికి చేర్పు మాత్రమేనని అందులో ఉంది. బొచ్చె పైనీళ్లలో తిరుగుతూ వెడల్పాటి నోటితో సూక్ష్మజీవులను వడకట్టుకుంటుంది. శీలావతిది నడిమి నీరు. మోసు అడుగు బురదలో కుళ్లిన ఆకూ అలమూ వెతుక్కుంటుంది. వీటికి వెండిచేప, గడ్డిచేప, బంగారుతీగ తోడైతే ఒకే నీటిలో ఆరు రకాల ఆకళ్లు, ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టేది తక్కువ. 1971లో కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ దేశమంతటా మొదలుపెట్టిన మిశ్రమ చేపల పెంపకం ప్రాజెక్టుకు పునాది ఈ సర్దుబాటే. మన డెల్టా రైతు దాన్ని తన లెక్కలకు తగ్గట్టు మార్చుకున్నాడు. అడుగున దాగే మోసు వలకు సులువుగా చిక్కదు, బజారులో ధరా తక్కువే. అందుకని దాన్ని క్రమంగా వదిలేశాడు. చెరువు నిండా శీలావతి వేసి, పక్కన కొద్దిగా బొచ్చె ఉంచుకున్నాడు. రకాలు తగ్గితే చెరువు పెట్టే తిండిలో కొంత ఎవరూ ముట్టకుండా మిగులుతుంది, ఆ లోటు సంచి తీర్చాలి. మనవాళ్ల మేత ఖర్చు పెరగడానికి ఇదీ ఒక కారణమని మా అభిప్రాయం.

మాంసకృత్తులు తక్కువగా ఉండే తవుడుతో చేప అంత బరువు ఎలా పెరుగుతుందన్న సందేహానికి జవాబూ నీళ్లలోనే ఉంది. పేడ, సూపర్ ఫాస్ఫేట్ పడిన నీటిలో పుట్టే ప్లవకాలలో, అంటే తేలాడే సూక్ష్మజీవుల్లో, మాంసకృత్తులు పుష్కలం. తవుడు శక్తినిస్తే, ఆ మాంసకృత్తులు కండగా మారతాయి. పప్పుతో అన్నం కలిపినట్టన్నమాట. చేతిని మోచేతి దాకా నీటిలో ముంచి, అరచెయ్యి కనిపిస్తోందా లేదా అని చూసే పాత రైతు కొలిచేది ఆ పప్పునే. స్పష్టంగా కనిపిస్తే నీటిలో తిండి పలచబడిందని, మోచేతికి ముందే మసకబారితే మితిమీరిందని అతని లెక్క.

ఎకరంలో సగటున అర కిలో తూగే చేపలు రెండు వేలున్నాయనుకుందాం. అవి వెయ్యి కిలోలు. బరువులో రెండు శాతం చొప్పున రోజుకు 20 కిలోల మేత. కాగితం మీద లెక్క అక్కడితో సరి. చలి పెరిగితే చేప ఆకలి తగ్గుతుందని, మబ్బు పట్టిన రోజు ప్లవకాలు చాలినంత ప్రాణవాయువు ఇవ్వలేవని కాగితానికి తెలియదు. రెండు మూడు గంటల తర్వాత సంచి పైకి లాగి, అడుగున తడిసిన ముద్ద ఎంత మిగిలిందో చేత్తో తడిమి చూసేవాడికి తెలుస్తుంది. మిగిలిన మేత ఊరికే పోదు. అది కుళ్లుతూ ప్రాణవాయువును తినేస్తుంది, అమ్మోనియాను వదులుతుంది. అసలే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయంటే, అంతకుముందు రోజుల్లో సంచి చెప్పిన మాట ఎవరో వినలేదన్నమాట.

చెరువు ఖర్చులో సగానికి పైగా మేతదే. దాని ధర గురించి ఎక్కడైనా మాట్లాడుకుంటారు, దాన్ని కట్టే మనిషి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నెలకోసారి వల తిప్పి నాలుగు చేపలు తూచినప్పుడు యజమానికి తెలిసే సంగతి, సంచి బరువును బట్టి ఈ మనిషికి వారం ముందే తెలుస్తుంది. మత్స్యశాఖ శిక్షణ తరగతుల్లో అతనికీ ఒక చోటుండాలి, ఆ రోజు కూలి నష్టపోకుండా. ఏ సంచిలో ఎంత మిగిలిందో రాసుకునే పుస్తకం అతని చేతిలోనే ఉండాలి. తేలే గుళికల మేత ఇప్పుడు చాలా చెరువులకు వచ్చింది. తింటున్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది కనుక అదీ మంచిదే. అయితే దాన్నీ పూటపూటా చూసి తగ్గించేందుకో పెంచేందుకో గట్టు మీద ఒక మనిషి కావాలి.

ముసురు పట్టిన ఉదయాన అతను నింపిన సంచులను గట్టు మీదే ఉంచి, నీళ్ల కేసి చూస్తూ కూర్చుంటాడు. పూట గడిచి కాస్త ఎండ పొడ తగిలాక లేచి, సగం సంచులతో పడవ ఎక్కుతాడు.