బిట్‌కాయిన్ ఏటీఎం అడగని ప్రశ్న

మన క్లాసులో క్రిప్టో మాట వస్తే చాలు, రెండు పార్టీలు తయారు. ఒక పార్టీ "కేవైసీ పెట్టాక ఇంకేం బిట్‌కాయిన్ రా, బ్యాంకుకే పోవచ్చుగా" అంటుంది. రెండో పార్టీ "కార్డు చూపించకుండా డబ్బు కదిలితే దొంగలకే పండగ" అంటుంది. నాకు మాత్రం ఇద్దరూ అనవసరమైన చోట పోట్లాడుకుంటున్నారనిపిస్తుంది.

మనలో చాలామంది ఆ మెషీన్ని చూసి ఉండరు. 2018 అక్టోబర్‌లో బెంగళూరు కెంప్ ఫోర్ట్ మాల్‌లో యునోకాయిన్ సంస్థ ఒకటి పెడితే కొద్ది రోజులకే పోలీసులు పట్టుకుపోయారు. నిజానికి అది బిట్‌కాయిన్ అమ్మేది కూడా కాదు, ఖాతాలో రూపాయలు వేసుకోవడానికీ తీసుకోవడానికీ పెట్టింది. క్రిప్టో కంపెనీలకి సేవలు ఆపేయమని ఆ ఏడాది ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి చెప్పింది కదా, దానికి వాళ్ళు వెతుక్కున్న పక్కదారి అన్నమాట.

అమెరికాలో అలా కాదు. పెట్రోల్ బంకుల్లో, చిన్న చిన్న కొట్లలో ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి. వాడటం కూడా చాలా తేలిక. ఫోన్ నంబర్ కొడితే ఓటీపీ వస్తుంది. వ్యాలెట్ క్యూఆర్ కోడ్ చూపించి నోట్లు లోపలికి తోస్తే పని అయిపోయినట్టే. మొత్తం పెరిగే కొద్దీ లైసెన్స్ స్కాన్ చేయమంటుంది, ఫొటో తీస్తుంది. రోజుకి 10,000 డాలర్ల నగదు దాటితే కంపెనీ ప్రభుత్వానికి రిపోర్టు ఇవ్వాలి. గుర్తింపు అడగడం కొత్త గొడవేమీ కాదు. 2013లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక కాఫీ షాపులో పెట్టిన మొదటి మెషీనే అరచెయ్యి స్కాన్ చేసేది.

మరి ఇన్ని అడుగుతున్నా మోసాలు ఎందుకు ఆగట్లేదు? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క ప్రకారం ఈ మెషీన్ల ద్వారా జనం పోగొట్టుకున్నది 2020లో దాదాపు 1.2 కోట్ల డాలర్లు. 2023లో అది 11 కోట్లు దాటింది. ఎక్కువగా పోగొట్టుకున్నది అరవై దాటినవాళ్ళు.

మా పెద్దమ్మ కొడుకు టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వాళ్ళ రూమ్మేట్‌కి ఒక రోజు "ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి" ఫోన్ వచ్చింది. వీసాలో తప్పుంది, ఫైన్ కట్టకపోతే ఇవాళే డిపోర్ట్ చేస్తామన్నారు. ఫోన్ పెట్టేయనివ్వకుండానే బ్యాంకుకి, అక్కణ్ణించి బంకులోని మెషీన్ దగ్గరికి నడిపించారు. ఆ అబ్బాయి తన సొంత నంబర్ కొట్టాడు, తన లైసెన్సే చూపించాడు. మెషీన్ అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పాడు. క్యూఆర్ కోడ్ ఒక్కటే వాట్సాప్‌లో వాళ్ళు పంపింది. 2,800 డాలర్లు పోయాయి.

నా పాయింటు ఇక్కడే. కేవైసీ అడిగేది "నువ్వెవరు?" అని. మోసంలో ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ కరెక్టే, ఎందుకంటే మెషీన్ ముందు నిలబడేది మోసపోయేవాడు. అసలు అడగాల్సింది "ఈ వ్యాలెట్ ఎవరిది?" అని. కొన్ని మెషీన్లు ఆ మాటా అడుగుతాయి, కానీ స్క్రీన్ మీద "నాదే" అని నొక్కితే నమ్మేస్తాయి. ఫోన్లో అవతలివాడు "అది నొక్కు బాబూ" అంటాడు, వీడు నొక్కుతాడు. మన దగ్గర డిజిటల్ అరెస్టుల్లోనూ జరిగేది ఇదే కదా. ఆధార్ మనదే, ఓటీపీ మనదే, డబ్బు మాత్రం వాడిది అయిపోతుంది.

అందుకే నాకు మిన్నెసోటా రాష్ట్రం 2024లో తెచ్చిన చట్టం నచ్చింది. అందులో కొత్త కస్టమర్‌కి మొదటి 72 గంటల్లో రోజుకి 2,000 డాలర్లే పరిమితి. మోసం జరిగిందని నిర్ణీత గడువులో చెబితే డబ్బు వెనక్కివ్వాలి. కాలిఫోర్నియా అయితే అందరికీ రోజుకి 1,000 డాలర్లే అంది. ఇంకో కార్డు అడగడం కన్నా ఇవి మేలు. భయపెట్టేవాడికి కావాల్సింది తొందర, ఇవి ఆ తొందరనే కాస్త తగ్గిస్తాయి.

"అన్నిటికీ ఆగమంటే ఇంక ఈజీగా వాడటం ఎక్కడుంది?" అని మన యూఎక్స్ బ్యాచ్ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బ్యాంకు ఖాతా లేక నగదు మీదే బతికేవాళ్ళకి ఈ మెషీన్ పనికొస్తుంది. కానీ వందకి పది, ఇరవై డాలర్లు కమీషన్ గుంజుతున్నప్పుడు ఎవరికీ గుర్తురాని సామాన్యుడి సౌకర్యం, మూడు రోజుల పరిమితి పెట్టగానే గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది. రోజూ వాడేవాడికి ఆ మూడు రోజులు ఒక్కసారే, తర్వాత అంతా మామూలే.

ఆగస్టులో ఫ్లైట్ ఎక్కబోతున్న సీనియర్ అన్నలకీ అక్కలకీ ఒక మాట. ఏ అమెరికా ప్రభుత్వ ఆఫీసూ బిట్‌కాయిన్ మెషీన్లో ఫైన్ కట్టమని ఫోన్ చేయదు. అలాంటి ఫోన్ వస్తే కట్ చేసి, ముందు మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి వెళ్ళండి. అర్ధరాత్రి అయితే రూమ్మేట్‌ని లేపండి.