పాట మాది, పేరు మీదా?

కామా ఎక్కడ పెట్టాలి, పుస్తకం పేరు వాలు అక్షరాల్లో ఉండాలా, సంవత్సరం ముందా వెనకా? పీహెచ్‌డీ చేసే మా పిల్లల్ని గైడ్లు ఈ లెక్కలతో నెలల తరబడి తిప్పుతుంటారు. తిప్పనివ్వండి. ఎవరి మాట వాడుకున్నామో వాళ్ల పేరు చెప్పడం నీతి. అందులో మాకు పేచీ లేదు. ఆ నీతి మా వాడ దాకా ఎందుకు రాదన్నదే మా పేచీ.

పండితుడు సాటి పండితుడి దగ్గర రెండు వాక్యాలు తీసుకుంటే పేజీ నంబరుతో సహా రాస్తాడు. అదే పండితుడు మాదిగవాడకొచ్చి నాట్లేసే ఆడవాళ్ల పాటలు టేపులోకి, ఇప్పుడైతే సెల్‌ఫోన్లోకి ఎక్కించుకుని పోతాడు. చిందు వాళ్ల దగ్గరా డక్కలి వాళ్ల దగ్గరా జాంబపురాణం విని రాసుకుంటాడు. పుస్తకం అచ్చయితే అట్ట మీద ఆయన పేరు. లోపల 'సేకరణ: రచయిత'. పాడినామె ఎవరయ్యా అంటే 'ఒక దళిత స్త్రీ'. మరీ దయ కలిగితే కృతజ్ఞతల పేజీలో, టీ ఇచ్చినవాళ్ల సరసన! పొలంలో వెట్టి పోయిందన్నారు. మరి పుస్తకంలో ఉన్నదేమిటి?

అందరూ ఇట్లాగే చేశారనం. పేరూ ఊరూ రాసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు దండం.

యూజీసీ 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. 40 దాకా అయితే ఆరు నెలల్లోగా దిద్ది ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. బాగుంది. కాని పోలిక పట్టేది కంప్యూటరు. రాతలో దొరికినదాన్నే అది పోల్చగలదు. మా అవ్వ నోట్లో ఉన్న పాట దానికేం తెలుసు? పాటంతా ఎత్తుకెళ్లినా సున్నా శాతమే! చదువురానివాళ్ల దగ్గర దొంగిలిస్తే అది దొంగతనం కాదన్నమాట.

పద్ధతి లేదని తప్పించుకోకండి. ఎం.ఎల్.ఏ. పద్ధతిలో ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషి పేరుతోనే జాబితాలో పద్దు మొదలవుతుంది. ఏ.పి.ఏ. పద్ధతి నోటిమాటను చివరి జాబితాలోకి రానివ్వదు గానీ, వ్యాసం మధ్యలో పేరూ తేదీ చెప్పమంటుంది. పద్ధతి ఉంది. లేనిది మనసు.

1916లో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కులాల మీద పత్రం చదివారు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేట్కర్ ఇచ్చిన నిర్వచనాలను పేరుపేరునా ముందు పెట్టి, ఆ తర్వాతే వాళ్లెక్కడ తప్పారో చూపించారు. తాను విభేదించిన వాళ్ల పేర్లే ఆయన దాచలేదు. మీరు మీకు తిండి పెట్టిన పాట పాడినవాళ్ల పేర్లు దాస్తున్నారు.

మేం అడిగేది ఇంతే. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయండి. ముందు వాళ్లనడిగి రాయండి. పేరు బయటికొస్తే ఊళ్లో బతకనివ్వరని వాళ్లంటే దాచండి. దాచమన్నది వాళ్లేనని కూడా రాయండి. అచ్చయిన పుస్తకం వాడకు తెచ్చివ్వండి.

మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఆ కామాల విద్య గట్టిగా నేర్చుకోండి. ఆ వంకతో మీ వ్యాసాన్ని వెనక్కి పంపే సందు ఎవరికీ ఇవ్వకండి. మన కరపత్రాన్నీ, మన పక్షపత్రికనూ సంచిక, తేదీ, పేజీతో సహా చూపించండి. మీ అమ్మ చెప్పిన కథ వాడుకుంటే అమ్మ పేరు రాయండి.

ఇన్నాళ్లూ మమ్మల్ని కులంతో పిలిచారు. ఇక పేరు పెట్టి పిలవండి.