ఓడినవాళ్లు రాయించిన సెక్షన్లు

1934 అక్టోబరులో బ్రిటిష్ కన్సర్వేటివ్ పార్టీ మహాసభ బ్రిస్టల్ నగరంలో జరిగింది. ఆ సభలో అందరి నోటా నలిగిన విషయం ఇండియా. మన రాష్ట్రాల పాలనను ఎన్నికైన మంత్రులకు అప్పగించే చట్టం తేవాలని ఆ పార్టీ నాయకుడు బాల్డ్విన్, ఇండియా మంత్రి శామ్యూల్ హోర్ పట్టుబట్టారు. అది సామ్రాజ్యానికి చావుదెబ్బ అని పార్టీలోనే మరో వర్గం తిరగబడింది. ఓటింగు పెడితే నాయకత్వానికి 543, తిరుగుబాటుదారులకు 520 వచ్చాయి. సొంత కార్యకర్తల ముందు బాల్డ్విన్ 23 ఓట్ల తేడాతో గట్టెక్కాడు.

మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఘట్టం కనిపించదు. మూడు రౌండ్ టేబుల్ సమావేశాలు ముగియగానే 1935 చట్టం ఊడిపడుతుంది. నడుమ లండన్‌లో ఐదేళ్లు సాగిన రచ్చలో మనకు గుర్తున్నది ఒక్క తిట్టు: వైస్రాయి భవనం మెట్లెక్కుతున్న గాంధీని చర్చిల్ ‘అర్ధనగ్న ఫకీరు’ అన్నాడని. తిట్టు 1931 ఫిబ్రవరి నాటిది, గాలికి పోయింది. దాని వెనకాల నడిచిన బేరసారాల ఫలితం మాత్రం మన రాజ్యాంగంలో ఇప్పటికీ ఉంది. ఈ వారం ఆ సంగతే.

ఆ తిరుగుబాటుకు ముందు నిలిచిన చర్చిల్‌కు తెలిసిన ఇండియా ఎంతో ముందు చూద్దాం. 1896లో గుర్రపు దళంలో కుర్ర అధికారిగా బెంగళూరుకు వచ్చాడు. ఆ ఏడాదే వాళ్ల రెజిమెంటు హైదరాబాదులో గోల్కొండ కప్పు పోలో పోటీ గెలిచింది. 1899లో వెళ్లిపోయాక మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. ముప్పై ఏళ్లు గడిచాయి, కాస్త కొత్త ముఖాలతో మాట్లాడి అభిప్రాయాలు సరిచూసుకోమని వైస్రాయి ఇర్విన్ సలహా ఇచ్చాడట. నా అభిప్రాయాలు నాకు బాగానే ఉన్నాయి, ఏ ఇండియన్‌తోనో మాట్లాడి వాటిని చెడగొట్టుకోను అని చర్చిల్ జవాబిచ్చాడని చెబుతారు. గాంధీని జైలు నుంచి వదిలి చర్చలకు పిలుస్తున్నారన్న కోపంతో 1931 జనవరిలో పార్టీ అగ్రనాయకుల బృందం నుంచి బయటికొచ్చేశాడు.

అతను ఒంటరి కాడు. 1933లో పుట్టిన ఇండియా డిఫెన్స్ లీగులో బొంబాయి మాజీ గవర్నరు లాయిడ్ ఉన్నాడు, జలియన్‌వాలాబాగ్ కాలపు పంజాబు పాలకుడు ఓడ్వయర్ ఉన్నాడు, కవి కిప్లింగ్ ఉన్నాడు. రాథర్మీర్ పత్రిక డెయిలీ మెయిల్ వాళ్లకు వంత పాడింది. వీళ్లందరినీ ఒకే గాటన కట్టడం సులువే గానీ సరికాదు. కొందరికి అధికార దాహం, కొందరికి పింఛను మీద తిని కూర్చున్న దొరల బెంగ, కొందరికి నిజంగానే నమ్మకం. వాళ్ల వాదనల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ గుచ్చుకునేది. అధికారాన్ని బ్రాహ్మణుల చేతిలో పెట్టి అంటరానివాళ్లను గాలికి వదిలేయడం క్రూరమని 1931లో ఆల్బర్ట్ హాల్లో చర్చిల్ ప్రసంగించాడు. ఆ భయం ఉత్తిదేమీ కాదు. అయితే అంతకు నాలుగు నెలల ముందే అదే లండన్‌లో, మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేద్కర్ లేచి, ఇన్నేళ్ల మీ పాలనలో మా కోసం ఏం చేశారని నిలదీశారు. రాజకీయ అధికారం మా చేతికి రాకుండా మా బాధలు తీరవన్నారు. చర్చిల్ ఎవరి పేరు చెప్పి అడ్డుపడుతున్నాడో వాళ్ల ప్రతినిధి అడిగింది సరిగ్గా చర్చిల్ వద్దంటున్నదే.

ఇక మాంచెస్టర్ కథ. నమ్మకాలూ సిద్ధాంతాలూ పక్కకు పోయి లెక్కల పుస్తకం ముందుకొచ్చింది ఇక్కడే. లాంకషైర్ మిల్లు గుడ్డకు ఇండియా పెద్ద సంత. ఇండియా చేతికి సుంకాల మీద పెత్తనం వస్తే ఆ సంత చేజారుతుంది. అందుకే ఆ పెత్తనానికి కళ్లెం వేయాలని మాంచెస్టర్ వర్తక సంఘం, ఇండియా సంస్కరణల ప్రతిపాదనలను పరిశీలిస్తున్న పార్లమెంటు సంయుక్త కమిటీకి సాక్ష్యపత్రం సిద్ధం చేసింది. 1933 జూన్‌లో లాంకషైర్ పెద్దమనిషి డెర్బీ ప్రభువు తన ఇంట్లో విందు పెట్టి వర్తక సంఘం వాళ్లనూ హోర్‌నూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. డెర్బీ, హోర్ ఇద్దరూ ఆ కమిటీలో సభ్యులే. తర్వాత సాక్ష్యపత్రం వాడి తగ్గి, మెత్తబడి కమిటీ ముందుకొచ్చింది.

ఈ కూపీ చర్చిల్ చేతికి చిక్కింది. 1934 ఏప్రిల్‌లో సభలో లేచి, సాక్షులను కమిటీ సభ్యులే ప్రభావితం చేశారు, ఇది సభాహక్కుల ఉల్లంఘన అన్నాడు. హక్కుల కమిటీ విచారించి జూన్‌లో ఉల్లంఘన లేదని తేల్చింది. సంయుక్త కమిటీ న్యాయస్థానం లాంటిది కాదు కనుక సాక్షుల నిబంధన దానికి వర్తించదట. పత్రం మారిందన్నది మాత్రం నిజం. నన్నడిగితే ఆ ఒక్కసారికి చర్చిల్ వాదనలో పస ఉంది.

పస ఉన్నా సభలో నవ్వులపాలయ్యాడు. అతని పార్టీవాడే లియో అమెరీ చర్చలో లేచి, ఆకాశం కూలినా న్యాయం జరగాలన్న లాటిన్ సూక్తికి చర్చిల్ కట్టుబడ్డాడని గంభీరంగా వల్లించాడు. దాని అర్థమేమిటో చెప్పమని చర్చిల్ కేకేశాడు. అమెరీ కాచుకున్నదీ అందుకే: ‘శామ్‌ను పడగొడితే సర్కారు కూలుతుందని’ అన్నాడు. శామ్ అంటే శామ్యూల్ హోరే. సభ గొల్లుమంది. ఆరేళ్ల తర్వాత ప్రధాని అయిన చర్చిల్ ఇండియా మంత్రిగా పెట్టుకున్నది ఈ అమెరీనే.

ఆ తర్వాత అన్నీ ఓటములే. 1934 డిసెంబరులో పార్టీ మండలి 1,102 ఓట్లతో హోర్ వెనక నిలిచింది, వ్యతిరేకులకు దక్కినవి 390. 1935 ఫిబ్రవరిలో లివర్‌పూల్‌లోని వేవర్‌ట్రీ ఉపఎన్నికలో చర్చిల్ కొడుకు రాండాల్ఫ్ పార్టీ అభ్యర్థి మీద నిలబడి ఓట్లు చీల్చాడు, సీటు లేబర్ పార్టీకి పోయింది. అదే నెలలో బిల్లు రెండో పఠనం 404–133తో నెగ్గింది. ఆ 133లో లేబర్ సభ్యులూ ఉన్నారు. బిల్లు ఇస్తున్నది చాలదని వాళ్ల గొడవ. ఇంత ఇవ్వడమేమిటని చర్చిల్ గొడవ. ఇద్దరూ ఒకే ఓటింగు లాబీలోకి నడిచారు.

ఇంత ఓడినవాళ్లు ఏం సాధించారంటే, బిల్లు లోపలి సరుకును. పార్టీలో ఒక్కో ఓటు కూడగట్టడానికి హోర్ పాడిన పాట ఒకటే: భయపడకండి, కీలకమైనది ఏదీ మన చేయి దాటదు. ప్రభుత్వం తన ప్రతిపాదనలతో తెచ్చిన 1933 శ్వేతపత్రంలో కేంద్ర శాసనసభకు ప్రత్యక్ష ఎన్నికలు అన్నారు. సంయుక్త కమిటీ నుంచి బయటికొచ్చేసరికి అవి రాష్ట్రాల శాసనసభ్యులు ఓటేసే పరోక్ష ఎన్నికలయ్యాయి. డొమినియన్ ప్రతిపత్తి అన్న మాట బిల్లులో ఎక్కడా లేదు. ఆ మాట పలికితే ఇంటి పోరు మళ్లీ రాజుకుంటుంది. అందుకే 321 సెక్షన్ల చట్టానికి సొంత పీఠికే లేకుండా, రద్దవుతున్న 1919 చట్టం పీఠికనొక్కదాన్నీ బతికించి ఉంచారు. 52వ సెక్షన్ గవర్నరుకు ‘ప్రత్యేక బాధ్యతలు’ కట్టబెట్టింది. 58వ సెక్షనైతే మరీ విడ్డూరం. ప్రభుత్వాన్ని కూలదోసే హింసాత్మక కుట్రల గురించి పోలీసులకు ఉప్పందించేవాడెవడో సాక్షాత్తూ మంత్రికి కూడా తెలియకుండా కాపాడింది. 93వ సెక్షన్ కింద రాష్ట్ర పాలన మొత్తాన్ని గవర్నరు తన చేతుల్లోకి తీసుకోవచ్చు. ఇల్లు అద్దెకిచ్చి తాళంచెవి మొలకు కట్టుకున్నట్టు. ఇదంతా చర్చిల్ ఖాతాలో వేయలేం. ఈ అధికారాల్లో చాలావాటి మూలాలు శ్వేతపత్రంలోనే ఉన్నాయి. కానీ ఆ శ్వేతపత్రం రాసేవాళ్ల కళ్ల ముందు మెదిలిందీ వెనక బెంచీలే.

ఈ తాళంచెవి మద్రాసులో చప్పుడు చేయడానికి ఎన్నాళ్లో పట్టలేదు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ అక్కడ 215 సీట్లలో 159 గెలిచింది. ప్రత్యేకాధికారాలు వాడబోమని గవర్నర్లు మాటిస్తే తప్ప పదవులు తీసుకోమంది. మాట రాలేదు. ఏప్రిల్ 1న చట్టం అమల్లోకి రావాలి, మంత్రులు కావాలి. గవర్నరు ఎర్‌స్కిన్ ఎన్నికల్లో తుడిచిపెట్టుకుపోయిన జస్టిస్ పార్టీ నుంచి కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారిని పిలిచి గద్దె మీద కూర్చోబెట్టాడు. సభలో బలం లేకుండా ఒక తెలుగాయన మద్రాసు రాష్ట్రాన్ని మూడున్నర నెలలు ఏలారు. లిన్‌లిత్‌గో ఊరడింపు ప్రకటన చేశాక జూలైలో రాజాజీ వచ్చారు. ఆ లిన్‌లిత్‌గో ఎవరనుకున్నారు, సంయుక్త కమిటీకి అధ్యక్షత వహించి, చట్టం తయారయ్యాక వైస్రాయిగా దిగినవాడు. 1939లో ఇక్కడ ఎవరినీ అడక్కుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించిందీ ఆయనే. మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో 93వ సెక్షన్ పాలన మొదలై, 1946 వసంతంలో ప్రకాశం గారు వచ్చేదాకా ఆరేళ్లు దాటి నడిచింది.

మనవాళ్లు రాజ్యాంగం రాసుకునేటప్పుడు ఈ చట్టాన్నే ముందు పెట్టుకున్నారు. అలా తీసుకున్నందుకు క్షమాపణ చెప్పనని 1948 నవంబరులో అంబేద్కర్ నిక్కచ్చిగానే చెప్పారు. ఏడెనిమిది దశాబ్దాల తర్వాత ఆ నిర్ణయాన్ని తప్పుబట్టడం తేలిక. విభజన రక్తం ఆరని రోజుల్లో అందరికీ తెలిసిన యంత్రాంగాన్ని ఎవరు వదులుకుంటారు? 93వ సెక్షన్ రూపు మార్చుకుని 356వ అధికరణమైంది. బిల్లుల మీద గవర్నరు అధికారాన్ని చెప్పే 75వ సెక్షన్ 200వ అధికరణమైంది. మంత్రులు గవర్నరు ఇష్టం ఉన్నంతవరకే పదవిలో ఉంటారన్న 51వ సెక్షన్ మాట 164వ అధికరణంలోకి నడిచొచ్చింది. 1984 ఆగస్టు 16న రాజ్‌భవన్ ఎన్టీఆర్‌ను దించేసినప్పుడు తెలుగు జనం వీధుల్లోకొచ్చి, నెల తిరిగేసరికి ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టుకున్నారు. ఆ ‘ఇష్టం’ ఎవరిదని అంతగా నిలదీసిన రోజులు మళ్లీ రాలేదు.

75వ సెక్షన్ వివాదం మాత్రం ఇప్పటికీ కోర్టుల్లోనే నలుగుతోంది. బిల్లును తిప్పి పంపే విషయంలో గవర్నరుకు ‘విచక్షణ’ ఉందన్న మాటను రాజ్యాంగ సభ 1949లో తీసేసింది. అయినా బిల్లులు ఆగుతూనే ఉన్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తన బిల్లుల కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు 75వ సెక్షన్ దాకా చరిత్ర తవ్వి గవర్నర్లకు గడువులు పెట్టారు. నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అలా గడువు విధించే అధికారం కోర్టులకు లేదంది.