పంటికి పింగాణీ తొడుగు... తొందరొద్దు!

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు కనిపిస్తారు. కారణం, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్యులు నమోదు చేసిన సమస్య ఇది. ఎనామిల్ తయారయ్యేటప్పుడే పడిన ఈ గోధుమరంగు మచ్చలు ఎంత తోమినా పోవు.

పెళ్లీడు వచ్చేసరికి 'వెనీర్లు వేయిద్దామా' అన్న ఆలోచన వస్తుంది. పంటి ముందువైపు అతికించే పలుచని పింగాణీ పలకే వెనీర్. మచ్చ కనిపించదు. టీ, కాఫీ మరకలు తేలిగ్గా పట్టవు. జాగ్రత్తగా చూసుకుంటే 10-15 ఏళ్లు మన్నుతుంది.

అయితే, దీనికోసం సాధారణంగా ఎనామిల్‌ని కొంత అరగదీస్తారు. అది మళ్లీ పెరగదు. 20 ఏళ్లకే వేయించుకుంటే తర్వాత రెండు మూడుసార్లు మార్చాల్సి రావచ్చు. చల్లటివి తగిలితే పళ్లు జివ్వుమనొచ్చు. ఎముకలు కొరికినా, నిద్రలో పళ్లు నూరినా పలక విరగొచ్చు. చిగుళ్ల జబ్బు, పుచ్చు ఉంటే ముందు వాటికి వైద్యం చేయించాలి. మచ్చలు తక్కువైతే బ్లీచింగ్, మైక్రోఅబ్రేషన్, కాంపోజిట్ పూత సరిపోతాయేమో డాక్టర్ని అడగండి.

అక్కకి వెనీర్లు వేయించి, చిన్న తమ్ముడికి అవే నీళ్లు పడితే ఏం లాభం? ఎనిమిదేళ్ల లోపే ముందుపళ్ల ఎనామిల్ తయారవుతుంది. అందుకే నీటిని పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికీ వంటకీ వాడొద్దు. కాచినా అది పోదు!