బొగ్గుగనుల ఊరికి పాత నవలలేల?

పూర్వము చాందాయని పిలువబడి నేడు చంద్రపూరైన మన పట్టణమున, కళాశాలల సాహిత్యశాఖలను గూర్చి నలుగురు కూడి మాటలాడునపుడెల్ల ఒక అభిప్రాయము దాదాపు సిద్ధాంతమువలె వినబడుచున్నది. పందొమ్మిదవ శతాబ్దపు నవలలు లండను, పారిసు నగరములవారి కాలక్షేపమునకై పుట్టినవనియు, వందలకొలది పుటలు గల ఆ గ్రంథములను ఘుగ్గుస్, లాల్‌పేఠ, బల్లార్‌పూరు గనికార్మికుల బిడ్డలచేత చదివించుట వారి కాలమును హరించుటయే యనియు, దరఖాస్తు వ్రాయుటయు, ఇంటర్వ్యూలో తడబడక సమాధానము చెప్పుటయు నేర్పిన చాలుననియు దాని సారాంశము. ఇట్లనువారు దుర్జనులు గారు. పిల్లల మేలు కోరువారే. అయినను, బీదవాని బిడ్డకు పెద్ద పుస్తకము తగదను చిన్నచూపు ఈ దయార్ద్రవాక్యముల చాటున దాగియున్నదని వారు గుర్తింపకుండుట చూచి ఊరకుండుట నాకు సాధ్యము గాలేదు.

ఈ నవలలు మనకు దూరమైనవను మాటనే మొదట పరిశీలింతము. ఎమీల్ జోలా 1884 ఫిబ్రవరిలో, ఉత్తర ఫ్రాన్సునందలి ఆంజాన్ గనులలో సమ్మె సాగుచున్న తరుణమున, అచటికి బోయి, స్వయముగా గనిలోనికి దిగి, కార్మికుల బ్రదుకు చూచి, చూచినది చూచినట్లు వ్రాసికొని, మరుసటి యేట 'జెర్మినాల్' అను నవలను గ్రంథరూపమున వెలువరించెను. ఆ కథలో సమ్మెకు మూలమైన తగవేది? గనికప్పు కూలకుండ నిలుపు కొయ్యదిమ్మెలు పాతు పనికి ఇకమీద వేరుగా కూలి ఇత్తుమని నమ్మబలికి, తొట్టి బొగ్గుకిచ్చు ధరను కంపెనీవారు తగ్గింతురు. పైకి చూచిన న్యాయమువలె నుండును, కూడి తీసివేసి చూచినచో నష్టపడువాడు కార్మికుడే. ఈ లెక్కను మహానగరపు విద్యార్థికి బోర్డుమీద విడమరచి చెప్పవలసియుండునేమో గాని, తండ్రికి మస్టరు పడక ఒకనాటి కూలి పోయినందులకు పొయ్యి ఆలస్యముగా వెలిగిన ఇంటినుండి తరగతికి వచ్చిన పిల్లవానికి ఎవరును చెప్పనక్కరలేదు. ఆ నవలలో బొన్‌మోర్ అను వృద్ధుడు దగ్గినపుడెల్ల నల్లని కఫము ఉమియుచుండును. బొగ్గు అతని దేహములోనికి చేరి నిలిచిపోయినది. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, ఇచటి బొగ్గుబాయిలలో దిగి, ఇంట తెలుగును, బజారున మరాఠీని, ఖదానులో హిందీని మాటలాడి రిటైరైన మన పెద్దలలో అట్టి దగ్గు వినని యిల్లెన్ని? 1902లో జోలా అంతిమయాత్రయందు గనికార్మికులు ఆ నవల పేరునే నినాదముగా ఎలుగెత్తి పలికిరి. ఒక రచయిత శవము వెంట అతని పుస్తకము పేరు నినాదమైన సందర్భము నాకు మరియొకటి తెలియదు. పుస్తకము తమకు దూరమని ఆ కార్మికులకు తోచలేదు. మన పండితులకే తోచుచున్నది.

ఫ్రాన్సు వలదందురా, మన పొరుగుననున్న ఉత్కళమునకు పోదము. ఫకీర్ మోహన్ సేనాపతి 1897 మొదలు పత్రికలో ధారావాహికముగా ప్రకటించిన 'ఛ మాణ ఆఠ గుంఠ' యందు, రామచంద్ర మంగరాజు అను జమీందారు, సంతులేని సాలెదంపతులైన భగియా, సారియాలకు దేవత సంతానమిచ్చునని ఆశ గొల్పి, గుడి కట్టించుటకై వారి పొలమును తాకట్టు పెట్టించి, తుదకు ఆ చిన్న చేనిని కాజేయును. తుపాకి లేదు, దౌర్జన్యము లేదు. సంతకము, గడువు, కోర్టు ఇంతే. ఓపెన్‌కాస్టు గనుల అంచున పొలములు కరిగిపోయిన పల్లెలు గల ఈ జిల్లాలో, నోటీసు కాగితము చేతబట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగినవాని మనుమరాలికి ఈ కథ పరాయిదగునా? మరాఠీనందే హరి నారాయణ ఆప్టే 1890వ దశకపు తొలినాళ్లలో 'కరమణూక్' పత్రికయందు వ్రాసిన 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో' లో, యమున అను వితంతువు తన కథను తానే చెప్పుకొనును. మన తెలుగుపిల్లలు మరాఠీ మాధ్యమమున చదువుకొన్నవారగుటచే దానిని మూలముననే చదువగలరు. హైదరాబాదు విద్యార్థికి లేని ఈ సౌలభ్యమును మనము వినియోగించుకొనుట లేదు.

ఇవి యన్నియు వలసపాలన శేషములని గంభీరముగా తలయూచువారును కలరు. వారికొక్క మాట. కందుకూరి వీరేశలింగముగారు గోల్డ్‌స్మిత్ వ్రాసిన ఇంగ్లీషు నవల పోకడను గ్రహించి, ధవళేశ్వరమున బంగారము చేసెదనను బైరాగిని నమ్మి చెడిన రాజశేఖరుని కథగా మలచి, 1878లో 'వివేకవర్ధని' యందు ప్రకటించిరి. అది మరల ఇంగ్లీషున కనువదింపబడి 1887లో లండను చేరినది. పుచ్చుకొన్నవాడు దాసుడగుననుట ఆయన విషయమున చెల్లదు.

ఇక నిడివి మాట. వాదులలో తెలివిగలవారు ఆశ్రయించునది దీనినే. ఈ తరమువారికి ఓపిక లేదనియు, సంక్షిప్తములు చాలుననియు వీరందురు. స్కాటు వర్ణనలు కొన్ని నేటి పాఠకుని సహనమును మించినవేయని నేనును ఒప్పుకొందును. జోలాకు గూడ బీభత్సముమీద మోజు హెచ్చు. కాని ఈ నవలలలో పెక్కింటిని ఒకేసారి మ్రింగుటకెవరును వ్రాయలేదు. డికెన్సు 1854 జనవరిలో ప్రెస్టను పట్టణపు నూలుమిల్లుల సమ్మె చూచివచ్చి, 'హార్డ్ టైమ్స్' ను ఏప్రిల్ మొదలు ఆగస్టు వరకు వారమునకొక భాగము చొప్పున ఇరువది భాగములుగా తన పత్రికలో ప్రకటించెను. 'జెర్మినాల్' గూడ మొదట దినపత్రికకెక్కినదే. వారమునకొక భాగము, అప్పుడప్పుడు రెండు చదివించినచో మన సెమిస్టరులోననే 'హార్డ్ టైమ్స్' పూర్తియగును. పరీక్షకు ముందటి రెండు రాత్రులలో చదువుమని పుస్తకమును విద్యార్థి మీద పడవేసి, వానికి ఓపిక లేదని నిందించుట ఏ న్యాయము?

ఆ నవల మొదటనే, గుఱ్ఱముల నడుమ పెరిగిన సర్కసువాని కూతురు సిస్సీ బడిలో గుఱ్ఱమునకు నిర్వచనము చెప్పలేక తెల్లబోవును. ఎన్ని కాళ్లో, ఎన్ని పళ్లో గడగడ వల్లించిన బిట్జరు మెప్పు పొందును. మన గైడుపుస్తకము చేయు పనియు ఇదియే. పాత్రచిత్రణము, ఇతివృత్తము, శిల్పము అని ముక్కలు కోసి అది అందించు జవాబులు బిట్జరు జవాబులే. బల్లార్‌పూరు మిల్లు ఈ అడవుల వెదురును కాగితముగా మార్చినది ఇందుకొరకేనా యని నా కొకప్పుడు విచారము కలుగును. సంక్షిప్తమే చాలునను మన పండితులు, డికెన్సు పరిహసించిన ఆ బడినే మరల తెరువుమనుచున్నారు.

దరఖాస్తు వ్రాయుట నేర్పవలదని ఎవరనిరి? అది ఒక వారపు పని, చేయుడు. తక్కిన సెమిస్టరును దానితో నింపవలదు.

2011లో నాగపూరు విశ్వవిద్యాలయమునుండి విడివడి ఏర్పడిన గోండ్వానా విశ్వవిద్యాలయము, చంద్రపూరు, గడ్చిరోలి జిల్లాల కొరకే పుట్టినది. ఈ నేల బిడ్డలకేది తగునో నిర్ణయించుకొను అధికారము మనకు కలిగినపుడు, ఆ అధికారమును పుటలు తగ్గించుటకు వినియోగించుట సిగ్గుచేటు. ఇచటి అధ్యాపకులకు నా మనవి ఇది: వచ్చు సెమిస్టరున ఒక్క నవలనైనను పూర్తిగా పెట్టుడు, వారమునకొక భాగము తరగతిలోననే బిగ్గరగా చదివింపుడు, మీ యింట జరిగినదానితో దీనిని పోల్చి వ్రాయుమని పరీక్షలో ఒక ప్రశ్న ఇండు. ఆ జవాబు ఏ గైడులోను దొరకదు.