తల మీద చెట్టు మొలిస్తే మొలవనివ్వండి

1960ల చివర్లో జాన్ బాల్డెస్సారీ అనే అమెరికన్ ఆర్టిస్ట్ ఒక ఫోటో దిగాడు. కాలిఫోర్నియాలో మామూలు వీధి, మామూలు ఇల్లు, ఒక పామ్ చెట్టు. ఆ చెట్టుకి సరిగ్గా ముందు ఆయన నిలబడ్డాడు. చూస్తే చెట్టు ఆయన తలలోంచి మొలిచినట్టే ఉంటుంది. ఆ ఫోటోని కాన్వాస్ మీదకి ఎక్కించి, కింద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క మాట రాయించాడు: "రాంగ్". ఫోటోగ్రఫీ నేర్పే పుస్తకాల్లో ఇలా తీయాలి, ఇలా తీయకూడదు అని పక్కపక్కనే రెండు బొమ్మలు వేస్తారు చూడండి, అందులో రెండోది ఆయనకి తెగ నచ్చిందన్నమాట. ఆ తప్పు ఫోటో ఇప్పుడు లాస్ ఏంజెలిస్ కౌంటీ మ్యూజియంలో ఉంది.

అదే ఫోటోని ఈరోజు మీ ఫోన్‌లో తీశారనుకోండి. 2021లో పిక్సెల్ 6తో మ్యాజిక్ ఇరేజర్ వచ్చింది. శాంసంగ్‌లో ఆబ్జెక్ట్ ఇరేజర్ ఉంది. 2024లో ఐఓఎస్ 18.1తో ఆపిల్ కూడా క్లీన్ అప్ ఇచ్చింది. చెట్టు చుట్టూ వేలితో ఒక గీత గీస్తే చాలు, అది మాయం. వెనక ఆకాశాన్ని ఫోనే నింపేస్తుంది. ఫోటో కరెక్ట్ అయిపోతుంది, జోక్ చచ్చిపోతుంది.

నాకు ఈ ఫీచర్ల మీద కోపం లేదు. తిరుపతిలో దిగిన ఫ్యామిలీ ఫోటోలోంచి వెనకాల ఉన్న చెత్తబుట్టని తీసేస్తే ఎవరికి నష్టం? నా బాధల్లా ఒకటే. ఫోటోగ్రఫీ చదువుకునేవాడికి కెమెరా నుంచి కావాల్సింది వేరు, మనం కెమెరా రివ్యూల్లో మార్కులు వేసేది వేరు. ఈ రెండింటి మధ్య దూరం ప్రతి ఏడాదీ పెరుగుతోంది. అది చెప్పడానికి నాకు బాల్డెస్సారీ కంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆయన 1931లో పుట్టాడు, 2020 జనవరిలో పోయాడు. మనిషి ఆరడుగుల ఏడంగుళాలు. మొదట అందరిలాగే పెయింటింగులు వేశాడు. 1970లో, అప్పటిదాకా తన దగ్గర మిగిలిన పాత పెయింటింగులన్నీ తీసుకెళ్లి శవాలు కాల్చే చోట కాల్పించేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ బూడిదలో కొంత కలిపి కుకీలు కూడా చేయించాడు! మరుసటి ఏడాది కెనడాలోని నోవా స్కోషియా ఆర్ట్ కాలేజీ ఆయన్ని ఎగ్జిబిషన్‌కి అడిగింది. రానుపోను ఖర్చు పెట్టుకునే స్తోమత వాళ్లకి లేదు. సరే, నేను రాను, మీ స్టూడెంట్లే గోడల మీద "నేను ఇక బోరింగ్ ఆర్ట్ చేయను" అని మళ్లీమళ్లీ రాయాలి అని కబురు పంపాడు. స్కూల్లో ఇంపొజిషన్ రాసినట్టు గోడలన్నీ నింపేశారు వాళ్లు. మనలాంటి కోడ్ రాసేవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. ఆయన ఫంక్షన్ రాసి పంపాడు, రన్ అయింది ఇంకో దేశంలో.

కాల్‌ఆర్ట్స్ అనే కాలేజీలో పాఠాలు చెప్పినప్పుడూ అదే పద్ధతి. స్టూడెంట్ల కోసం 109 అసైన్‌మెంట్ల జాబితా తయారుచేశాడు. అందులో ఒకటి, బాల్డెస్సారీలాగే నడిచి, మాట్లాడి వీడియో తీయమని. ఇంకోటి, ఒక ఆట కనిపెట్టమని. అయితే ఆట కంటే దాని రూల్స్ ముఖ్యమట. లాస్ ఏంజెలిస్ మ్యాప్ మీద బాణం విసిరి, అది ఎక్కడ గుచ్చుకుంటే అక్కడికి వెళ్లి ఫోటోలు తీసుకురావడం కూడా ఆ క్లాసులో ఉండేది. మంచి లైటు, మంచి లొకేషన్ అనే మాటే లేదు. బాణం పెట్రోల్ బంక్ మీద పడితే పెట్రోల్ బంకే.

ఇక ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1973 నాటిది. పేరులోనే మొత్తం కథ ఉంది: "మూడు బంతులు గాల్లోకి విసిరి సరళరేఖ తెప్పించడం (36 ప్రయత్నాల్లో బెస్ట్)". నీలం ఆకాశం, మూడు ఎర్రటి బంతులు. మూడూ ఒకే గీత మీదకి రావాలి. రావు. ఎందుకు 36 అంటే, 35 ఎంఎం ఫిల్మ్ రోల్‌లో వచ్చే ఫ్రేములు అన్ని. రోల్ అయిపోతే ఆట అయిపోయినట్టే. అందులోంచి 12 ఫోటోలు అచ్చేశారు. ఒక్కదాంట్లో కూడా స్కేలు పెట్టి గీసినట్టు రాలేదు, చూసేవాళ్లు నవ్వేది అందుకే.

దీని పక్కన 2018లో పిక్సెల్ 3తో వచ్చిన టాప్ షాట్ ఫీచర్‌ని పెట్టి చూడండి. మీరు షట్టర్ నొక్కకముందు ఒకటిన్నర సెకను, నొక్కాక ఒకటిన్నర సెకను, మొత్తం 90 ఫ్రేముల దాకా చూసి బెస్ట్ ఏదో ఫోనే చెప్తుంది. అంటే ఒక్క నొక్కుడికి బాల్డెస్సారీ రోల్ కంటే రెండున్నర రెట్లు. స్పెక్ షీట్ మీద చూస్తే ఆయన ఓడిపోయాడు. కానీ ఆ 90 ఫ్రేములూ ఒక్క విసురులోవి. ఆయనవి 36 వేరువేరు విసుర్లు. ఫోన్ ఫ్రేముల్ని పెంచింది, ప్రయత్నాల్ని కాదు. ఈ తేడా ఫోటోగ్రఫీ నేర్చుకునేవాడికి చాలా పెద్దది.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీలో డిగ్రీ చేస్తున్నాడు. సెమిస్టర్ సబ్మిషన్‌కి "మీకు నచ్చిన ఆర్టిస్ట్ నుంచి ఇన్‌స్పిరేషన్" అని ఇచ్చారట. వాడు బాల్డెస్సారీనే తీసుకున్నాడు. ఆయన 1980ల్లో ధరల స్టిక్కర్ల లాంటి రంగు చుక్కలు పాత ఫోటోల్లోని మనుషుల మొహాల మీద అంటించేవాడు, బాగా ఫేమస్ అయినవి అవే. మావాడు కూడా ఫ్రెండ్స్ ఫోటోల మీద చుక్కలు పెట్టేసి పట్టుకెళ్లాడు. వాళ్ల సార్ చూసి, "చుక్క ఆయనది, ఫోటో నీది. మరి ఐడియా ఎవరిది?" అన్నారట. నిజమే మరి. ఇన్‌స్టాలో స్టిక్కర్ పెట్టడం వచ్చిన ప్రతివాడూ అరనిమిషంలో చేయగలిగే పని అది.

తర్వాత వాడు బంతుల మీద పడ్డాడు. మేడ మీద మూడు టెన్నిస్ బంతులు, విసరడానికి ఒక ఫ్రెండ్, చేతిలో పద్దెనిమిది వేల రూపాయల ఫోన్. రూల్ మాత్రం కఠినంగా పెట్టుకున్నాడు: బర్స్ట్ లేదు, 36 నొక్కుళ్లు, డిలీట్ చేయకూడదు. మొదటి పది ఆటో మోడ్‌లో తీసి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, బంతులు తోకలు పెరిగినట్టు సాగిపోతున్నాయి, ఫోన్ మార్చాలేమో." ఎనభై వేల ఫోన్ ఒకటి చూసిపెట్టాడు కూడా, ఈఎంఐ లెక్కలతో సహా.

ఇది ఫోన్ సమస్య కాదు. సెకనుకి 5 మీటర్ల వేగంతో వెళ్లే బంతి 1/100 సెకనులో 5 సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే దాదాపు బంతి అంత దూరం. 1/1000 పెడితే 5 మిల్లీమీటర్లే. వాడి ఫోన్‌లో ప్రో మోడ్ ఉంది, ఎప్పుడూ తెరవలేదంతే. సాయంత్రం ఆరింటికి కాకుండా మధ్యాహ్నం మూడింటికి తీయి, షట్టర్ 1/1000 పెట్టు, ఐఎస్ఓ పెరిగితే పెరగనీ అన్నాను. మర్నాడు మళ్లీ 36. సరళరేఖ రాలేదు. ఇరవై తొమ్మిదోది కాస్త దగ్గరికొచ్చింది, కానీ అందులో విసిరినవాడి చెయ్యి, నోరు తెరిచిన మొహం సగం ఫ్రేములో పడ్డాయి. మావాడికి ఆ మొహమే నచ్చింది. చివరికి బంతులు పక్కకి పోయి, విసిరేవాళ్ల మొహాలతో సిరీస్ తయారైంది. పైకి చూస్తూ, దెబ్బ తగులుతుందేమోనని కళ్లు చికిలిస్తూ ఉన్న మొహాలు. చుక్కల కంటే అది వంద రెట్లు బాగుంది, పైగా అది వాడిదే.

బెస్ట్ టేక్ లాంటి ఫీచర్ ఉన్న ఫోన్ చేతిలో ఉండి ఉంటే? 2023లో పిక్సెల్ 8తో వచ్చింది ఇది. గ్రూప్ ఫోటోలు వరసగా కొన్ని తీస్తే, ఒక్కొక్కరి మొహం ఒక్కో దాంట్లోంచి తీసుకుని అందరూ నవ్వుతున్న ఒకే ఫోటో చేసిస్తుంది. పెళ్లి ఫోటోకి బంగారం. కానీ కళ్లు చికిలించిన మొహం దాని లెక్కలో పనికిరానిది. నవ్వు మంచిది, మూసుకున్న కన్ను చెడ్డది అని ఎవరో ఇంజనీర్ ముందే ట్రైన్ చేసి పెట్టాడు. ఆ ఇంజనీర్‌ని నేను తప్పుపట్టను, రేపు ఆ టిక్కెట్ నాకు అసైన్ అయితే నేనూ అదే చేస్తాను. సగటు యూజర్‌కి అదే కావాలి. అయితే స్టూడెంట్ సగటు యూజర్ కాదు. తనకి ఏ తప్పు నచ్చుతుందో కనిపెట్టడమే వాడి చదువు. ఆ తప్పులు గ్యాలరీలోకి రాకముందే ఫోన్ ఏరేస్తే, వాడు ఎంచుకోవడానికి ఏం మిగులుతుంది?

ఇంకో విషయం. చెట్టు జోక్‌కి ఖరీదైన కెమెరా కంటే మామూలు ఫోనే మంచిది, తెలుసా? మొహం, వెనక చెట్టు రెండూ షార్ప్‌గా ఉంటేనే చెట్టు తలకి అతుక్కున్నట్టు కనిపిస్తుంది. పెద్ద సెన్సార్, వెడల్పు అపర్చర్ ఉంటే చెట్టు మసకబారి వెనక్కి వెళ్లిపోతుంది. చిన్న సెన్సార్‌కి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ సహజంగానే ఎక్కువ. మనం కామెంట్లలో తిట్టిపోసే ఆ చిన్న సెన్సారే ఇక్కడ హీరో. పోర్ట్రెయిట్ మోడ్ ఆన్ చేశారో, మొత్తం పోయింది. అమీర్‌పేట్‌లో నిలబడి చూడండి, మెట్రో పిల్లర్లు, హోర్డింగులు, సెల్ టవర్లు, వైర్ల చిక్కులు. తలలోంచి మొలిపించడానికి ఈ ఊళ్లో వస్తువులకి కరువా?

బాల్డెస్సారీ దగ్గర చదివినవాళ్లలో జేమ్స్ వెల్లింగ్ ఒకడు. తర్వాత యూసీఎల్ఏలో చాలా ఏళ్లు ఫోటోగ్రఫీ విభాగాన్ని నడిపాడు. 1980 ప్రాంతంలో ఆయన నలిపిన అల్యూమినియం ఫాయిల్‌ని దగ్గర్నుంచి నలుపు తెలుపులో తీశాడు. అదేంటో చెప్పకపోతే మంచు కొండలో, రాత్రి సముద్రమో అనుకుంటారు. అందులో చుక్కల్లేవు, బంతుల్లేవు, జోక్ కూడా లేదు. గురువుగారిలా కనిపించేది ఒక్కటీ లేదు. ఇన్‌స్పిరేషన్ అంటే నాకు గుర్తొచ్చేది ఈ ఫాయిలే. వంటింట్లో దొరికే సరుకు, ఎవరూ ఇది సబ్జెక్ట్ అనుకోనిది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. కెమెరా రివ్యూ అంటే డే లైట్, లో లైట్, పోర్ట్రెయిట్, జూమ్, సెల్ఫీ. ఈ అన్నిట్లోనూ మనం అడిగేది ఒకటే: ఫోన్ ఎంత బాగా సరిదిద్దింది? ఇంకో ప్రశ్న కూడా అడగాలంటాను: సరిదిద్దొద్దు అంటే వింటుందా? 2024లో హేలైడ్ యాప్ ప్రాసెస్ జీరో అని ఒక మోడ్ ఇచ్చింది. ఫ్రేములు కలపదు, ఏఐ వాడదు, ఒక్క ఫ్రేము తీసి ఇస్తుంది, గ్రెయిన్‌తో సహా. యాప్ వాళ్లు అమ్ముకోగలిగారంటే కోరుకునేవాళ్లు ఉన్నట్టే కదా. ఆండ్రాయిడ్‌లో అయితే 2014లో వచ్చిన లాలీపాప్ నుంచే రా ఫైళ్లకి దారి ఉంది. కానీ ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. అందుకే ఇది రివ్యూలో రావాలి, స్పెక్ షీట్‌లో వెతికితే దొరకదు.

ఈసారి షాపులో డెమో ఫోన్ చేతికొస్తే మెగాపిక్సెల్ స్టిక్కర్ పక్కన పెట్టండి. ప్రో మోడ్ ఉందా, అందులో షట్టర్ 1/1000 దాకా వెళ్తుందా చూడండి. ఆ మోడ్ మెయిన్ లెన్స్‌కేనా, అన్నిటికీ పనిచేస్తుందా? రా సేవ్ అవుతుందా? సీన్ ఆప్టిమైజర్, బ్యూటీ ఆఫ్ చేశాక, యాప్ మూసి మళ్లీ తెరిస్తే ఆఫ్‌లోనే ఉన్నాయా, వాటంతట అవే ఆన్ అయ్యాయా? ఇదంతా చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత పక్కనున్న ఫ్రెండ్‌ని ట్యూబ్‌లైట్ కింద, అది సరిగ్గా నెత్తి మీద నిలబడ్డట్టు పెట్టి ఒక ఫోటో తీయండి. సేల్స్‌మ్యాన్ వచ్చి "సార్, కొంచెం పక్కకి జరగమనండి" అంటాడు. జరగొద్దు.