హిజాబు వేదిక, ఆగిపోయిన ఉమ్రా

2016 సెప్టెంబరులో న్యూయార్క్ ఫ్యాషన్ వీక్‌లో జకార్తా డిజైనర్ అన్నీసా హసిబువాన్ దుస్తులు ధరించి నడిచిన ప్రతి మోడల్ తలపైనా హిజాబు ఉంది. ఆ వేదికపై అటువంటి ప్రదర్శన అదే మొదటిది. ప్రేక్షకులు లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు. హిజాబును వెనుకబాటుతనంగా చూసేవారికి ఇదే సమాధానమని మనమూ గర్వించాము. మరుసటి ఫిబ్రవరిలో, ముస్లిం దేశాల ప్రయాణికులపై ట్రంప్ నిషేధం విధించిన రోజుల్లో, ఆమె వలస కుటుంబాల యువతులనే మోడళ్లుగా నడిపించారు.

అదే 2017 ఆగస్టులో ఆమె, ఆమె భర్త అరెస్టయ్యారు. వారి ‘ఫస్ట్ ట్రావెల్’ సంస్థ చౌక ఉమ్రా పేరిట సొమ్ము కట్టించుకొని 63 వేల మందికి పైగా యాత్రికులను పంపనేలేదు. ఆ సొమ్ములో కొంత ఫ్యాషన్ ప్రదర్శనలకే వెచ్చించారన్నది అభియోగం. 2018లో దెపోక్ న్యాయస్థానం భర్తకు 20, ఆమెకు 18 సంవత్సరాల శిక్ష విధించింది.

ఆమె ప్రతిభ అబద్ధమని మేము అనము. అయితే ఆమె కీర్తిని మనదిగా చెప్పుకొన్నవారమే, ఇహ్రామ్ వస్త్రాలు సిద్ధం చేసుకొని ఇంట్లోనే మిగిలిపోయిన ఆ యాత్రికుల గురించి ఎంత మాట్లాడాము? జప్తయిన ఆస్తులు ప్రభుత్వానికే చెందుతాయని ఇండోనేషియా సుప్రీంకోర్టు మొదట తీర్పిచ్చింది. అవి బాధితులవేనని అదే కోర్టు చెప్పడానికి 2022 వరకు పట్టింది.